వాహిద్ తాత నడిపిన నాలుగెద్దుల యుద్ధం

జమ్మలమడుగులో అబ్దుల్ వాహిద్ ఇల్లు ఎక్కడ అని అడిగితే ఎవరూ చెప్పలేరు. లాడాల వాహిద్ అంటే ఎద్దులకు కూడా తెలుసు. ఆయన మోపెడ్ చప్పుడు దూరంగా వినపడగానే కట్టుకొయ్య దగ్గరున్న ఎద్దు చెవులు వెనక్కి వేసి, ఇంక తప్పదన్నట్టు పేడ వేసేది.

మనిషి పొట్టి. తెల్లటి గడ్డం, వంగిన మోకాళ్ళు, గళ్ళ లుంగీ. చూసినవాళ్ళంతా పాపం, చీమకు కూడా అపకారం చేయడనుకుంటారు. నిజమే, చీమకు చేయడు. ఆయన అపకారాలన్నీ పెద్ద రైతుల స్థాయిలోనే ఉండేవి.

ఆయన పని ఎద్దుల గిట్టలు చెక్కి, అరిగిపోకుండా ఇనప లాడాలు కొట్టడం. వాళ్ళ నాయన అదే చేశాడు, ఆయన నాయనా అదే చేశాడు. ఒకప్పుడు సంత రోజున వాహిద్ తాత ముందు ఎద్దులు వరసకట్టి నిలబడేవట. ఆ మాట ఆయన ఇంట్లో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి చెప్పేవాడు. తర్వాత ట్రాక్టర్లు వచ్చాయి. కువైట్‌లో బండి నడిపే కొడుకు ఉమైర్ ఫోను చేసినప్పుడల్లా, "అబ్బా, ఇంక ఆ పని ఇడిసిపెట్టు, ట్రాక్టరుకు లాడాలు కొడతావా ఏంది?" అని నవ్వేవాడు. వాహిద్ తాత నవ్వేవాడు కాదు. ఆయనకు ఇంకో పని రాదు. వంట రాదు, వ్యాపారం రాదు, ఇంట్లో గమ్మున కూర్చోవడం అసలే రాదని ఆయన భార్య ఖాతూన్‌బీ సాక్ష్యం చెప్పేది.

సేద్యం ఎద్దులు పోయాక బండలాగుడు పందేల ఎద్దులే మిగిలాయి. తిరునాళ్ళలో పెద్ద బండరాయిని ఏ జత ఎక్కువ దూరం లాగితే ఆ ఆసామికి మీసం. ఆ మీసం కోసం ఎద్దులకు ఉలవలు పెట్టేవాళ్ళు కూడా ఏటేటా తగ్గిపోయి, చివరికి వాహిద్ తాతకు గట్టిగా చెప్పుకోదగిన జతలు రెండే మిగిలాయి. ఒకటి ప్రొద్దుటూరు అవతల చాపాడులో గంగిరెడ్డిది. రెండోది కొండాపురం పునరావాస కాలనీలో ఓబుళరెడ్డిది.

యుద్ధం మొదలైంది చాపాడులో.

లాడాలు కొట్టే తీరు తెలిస్తే గానీ ఆ యుద్ధం సంగతి అర్థం కాదు. ఎద్దును తాడుతో చుట్టి మెల్లగా పడేస్తారు. నాలుగు కాళ్ళు కలిపి కడతారు. ఆసామి ఎద్దు తల తన తొడమీద పెట్టుకుని కొమ్ములు పట్టుకుని కూర్చుంటాడు. వాహిద్ తాత కాళ్ళ దగ్గర కూర్చుంటాడు. పని అయ్యేవరకు ఆసామి లేవడానికి లేదు, ఫోను తీయడానికి లేదు, మీసం గోక్కోవడానికి కూడా లేదు. అంత ఓపికగా వినే మనిషి ఓట్లడిగేవాళ్ళకు కూడా దొరకడు.

ఆ రోజు గంగిరెడ్డి కొమ్ములు పట్టుకుని, "ఇవే ఆఖరి లాడాలు వాహిద్ మామా. వచ్చే సంతకు తోలుతాండా. మావోడు సుధీర్ ట్రాక్టరు చూసినాడు" అన్నాడు.

వాహిద్ తాత చేతిలో సుత్తి ఆగింది. కింద పడుకున్నది మల్లిగాడు. దూడగా ఉన్నప్పుడు దాని మొదటి లాడాలు కొట్టింది ఆయనే, అది మొదటిసారి తన్నింది కూడా ఆయననే. ఆ వయసు ఎద్దును సంతలో కొనేది రైతు కాదు, కబేళా లారీ. ఆ సంగతి గంగిరెడ్డికీ తెలుసు. అందుకే మల్లిగాడి కళ్ళలోకి చూడకుండా కాలవ వైపు చూస్తున్నాడు.

"మంచిపని అప్పా" అన్నాడు వాహిద్ తాత, మళ్ళీ సుత్తి ఎత్తుతూ. "కొండాపురం ఓబుళరెడ్డి గూడా అదే అన్యాడు."

"ఏమన్యాడు?"

"ఏంలే."

"ఏమన్యాడో చెప్పు మామా."

"పెద్దమాటేం కాదప్పా. చాపాడు ఎద్దులు కాలవ నీళ్ళు తాగి తాగి బర్రెలైనాయి, అమ్ముకునేదే మేలు అన్యాడు."

ఓబుళరెడ్డి ఆ మాట అనలేదు. ఆయన గంగిరెడ్డిని జీవితంలో ఒక్కసారి, ఎవరిదో పెండ్లిలో, పక్క విస్తరి దగ్గర చూశాడు. అప్పుడు కూడా వంకాయ కూర బాగుందన్నాడు, అంతే. కానీ గంగిరెడ్డి చేతులు కొమ్ముల మీద ఎంత బిగుసుకున్నాయంటే మల్లిగాడు ఇదేంటి, మేకులు అటు వైపు కదా కొడుతున్నారు అన్నట్టు తల తిప్పి చూశాడు. సంత వచ్చింది, పోయింది. మల్లిగాడు పోలేదు.

ఒకవైపే కోపం ఉంటే అది కోపం. రెండువైపులా ఉంటేనే యుద్ధం. వాహిద్ తాత ఆ వారమే కొండాపురం పోయాడు.

ఓబుళరెడ్డి పరిస్థితి వేరు. ఆయన పాత ఊరు గండికోట జలాశయం కింద ఉంది. కాలనీలో సిమెంటు ఇళ్ళు, వెడల్పాటి వీధులు ఇచ్చారు గానీ ఎద్దులు ఎక్కడ కట్టుకోవాలో ఎవరూ ఆలోచించలేదు. ఆయన వాటిని ఇంటి మెట్లకు కట్టేస్తే పక్కింటివాళ్ళు పేడ గురించి అడిగేవాళ్ళు. ఊరు మునిగినప్పటినుంచి ఓబుళరెడ్డి ఎవరితోనూ ఎక్కువ మాట్లాడడం లేదు. "ఊరే పాయ. ఎద్దులెందుకు మామా" అన్నాడు, కొమ్ములు వదులుగా పట్టుకుని.

వాహిద్ తాతకు అప్పుడు నోటికొచ్చిన మాట కొంచెం మోటుది.

"చాపాడు గంగిరెడ్డి గూడా అదే అంటాండాడప్పా. మునిగినోళ్ళ ఎద్దులు ఈదాలే గానీ ఇంక బండేం లాగుతాయి అని."

ఆ మాట అన్నాక వాహిద్ తాతకే భయమేసింది. తిరిగి వస్తూ దారంతా మోపెడ్ మీదే, తప్పయిపోయిందని అల్లాకు తోబా చెప్పుకున్నాడు. కానీ ఓబుళరెడ్డి ఆ సాయంత్రమే లేచి, చాలా నెలల తర్వాత గడ్డం గీసుకుని, ఎద్దులకు ఉలవలు నానబెట్టమన్నాడని తర్వాత తెలిసింది. చిన్నోడు అని పిలుచుకునే ఆయన కుడివైపు ఎద్దు ఒళ్ళు చేసింది. దాంతోపాటు ఆసామి కూడా కొంచెం ఒళ్ళు చేశాడు. అబద్ధం ఒక మనిషికి ఇంత ఒంటబడుతుందని ఏ హకీమూ చెప్పలేదని వాహిద్ తాత ఆశ్చర్యపోయాడు. ఆ తర్వాత తోబాలు తగ్గిపోయాయి.

అట్లా కొన్నేళ్ళు నడిచింది. జమ్మలమడుగు నుంచి ప్రొద్దుటూరు దాటేలోపు చాపాడుకు ఒక మాట తయారయ్యేది. తిరిగి కొండాపురం దారిలో దానికి జవాబు పుట్టేది. గంగిరెడ్డి నిజంగానే పంపే జవాబులు కూడా ఉండేవి. అవి చెవులు మూసుకోవలసినవి. వాటిని వాహిద్ తాత పెన్న వంతెన మీద నుంచి కిందికి పారేసి, తన సొంత మాటలు తీసుకుపోయేవాడు. "నీ చిన్నోడు బండ లాగేదానికంటే నువ్వు ఊపిరి లాగేది ఎక్కువగా ఉండాదంట" అనే మాట ఆయనకు చాలా నచ్చినది. దాన్ని రెండువైపులా వాడాడు.

దొరికిపోకపోవడానికి కారణం వాహిద్ తాత తెలివి కాదు. ఈ సీమలో ఇద్దరికి పడలేదంటే వాళ్ళకు "మాటలు లేవు". మాటలు లేవంటే లేవు. ఎదురుపడితే గోడతో మాట్లాడతారు, చెట్టుతో మాట్లాడతారు, పక్కనున్న కుక్కతోనైనా మాట్లాడతారు, ఒకరితో ఒకరు మాట్లాడరు. ఫోను చేసి "నువ్వు ఈ మాట అన్నావా?" అని అడిగితే చాలు, యుద్ధం మధ్యాహ్నానికి అయిపోయేది. కానీ అడిగినవాడు ముందు మాట్లాడినవాడవుతాడు. ముందు మాట్లాడినవాడు తగ్గినవాడవుతాడు. తగ్గడం కంటే నాలుగు ఎద్దులను మేపడం వాళ్ళిద్దరికీ తేలికగా తోచింది.

వాహిద్ తాత తన యుద్ధానికి ఒక కంచె వేసుకున్నాడు. మాటలన్నీ ఎద్దుల మీదే. ఇంటి ఆడవాళ్ళ మీద, పొలం గట్ల మీద, చచ్చిపోయినవాళ్ళ మీద ఒక్క మాట లేదు. నిజమైన కక్షలు ఎట్లా ఉంటాయో ఆయన వయసులో ఉండగా చూశాడు. తలుపులు వేసుకుని, పిల్లల నోళ్ళు మూసి కూర్చున్న రోజులు ఆయనకు గుర్తున్నాయి. తనది అట్లాంటిది కాదని, తనది ఎద్దుల మేలు కోసం నడిచే పెంపుడు యుద్ధమని ఆయన నమ్మకం. పెంపుడుదే అయినా కరుస్తుందని మాత్రం అనుకోలేదు.

అది కరిచింది గంగిరెడ్డి కొడుకు సుధీర్ ఫోనులోంచి. సుధీర్ తన జత ఫొటో వాట్సాప్ స్టేటస్‌లో పెట్టి, కింద "ఈతగాళ్ళు పక్కకు తప్పుకోండి" అని రాశాడు. వాహిద్ తాత నోటినుంచి ముందు ఓబుళరెడ్డి చెవికి, తర్వాత 'నువ్వే అన్యావని ఆయన చెప్పుకుంటాండాడు' అంటూ గంగిరెడ్డి ఇంటికి పోయి, ఇన్నాళ్ళూ అక్కడే ఆగిన మాట కాలనీ మొత్తానికీ చేరింది. వాళ్ళు ఊరు పోగొట్టుకున్నవాళ్ళు. అమ్మానాన్నల సమాధులు నీళ్ళకింద వదిలి వచ్చినవాళ్ళు. వాళ్ళకది ఎద్దుల మాటగా వినపడలేదు. జమ్మలమడుగు బస్టాండు దగ్గర రెండువైపుల పిల్లలూ తారసపడ్డారు. ఓబుళరెడ్డి అన్న కొడుకు తల పగిలింది. కుట్లు పడ్డాయి.

మరుసటి రోజు ఓబుళరెడ్డి కూడా ఫోనులోనే, అందరూ వినేటట్టు, సవాలు పెట్టాడు. పులివెందుల తిరునాళ్ళలో రెండు జతలూ లాగాల. ఓడినోడు తన ఎద్దుల్ని అక్కడికక్కడే లారీకి ఎక్కించాల. గంగిరెడ్డి సరేనన్నాడు.

వాహిద్ తాత ఆ మాట ఖాతూన్‌బీ ఫోనులో విన్నాడు. మళ్ళీ విన్నాడు. తన చేతిమీదుగా వచ్చిన మాటైతే పెన్నలో పారేసేవాడు. ఇది గాల్లో వచ్చింది, దాన్ని పట్టుకోవడానికి లేదు. ఎవరు ఓడినా ఒక జత లారీ ఎక్కుతుంది. మిగిలిన జతకు పోటీ ఉండదు. పోటీ లేని ఎద్దును ఎవరూ మేపరు, ఏడాది తిరిగేలోగా అదీ ఎక్కుతుంది. ఏ లారీకి భయపడి యుద్ధం పెట్టాడో, ఆ యుద్ధమే లారీని ఇంటిముందుకు తెచ్చింది.

అంతటితో అయిపోలేదు. గంగిరెడ్డి పిలిపించాడు. ఈసారి కొమ్ములు పట్టుకోలేదు, నేరుగా నిలబడి మాట్లాడాడు, అదీ నేల చూస్తూ.

"మామా, కొండాపురానికి పోతావు కదా, తిరునాళ్ళకు ముందర లాడాలు కొట్టేకి."

"పోతా అప్పా."

"చిన్నోనికి ఒక్క మేకు... కొంచెం లోతుగా దిగనీ. పచ్చి కండకు తగిలేమాదిరి. కుంటుతుంది, అంతే. నాలుగు దినాలకు సర్దుకుంటుంది."

వాహిద్ తాత మోపెడ్ ఎక్కాడు. కొండాపురం పోతే ఓబుళరెడ్డి ఇంటి వెనక్కి తీసుకుపోయి, అచ్చం అదే మాట మల్లిగాడి గురించి అడిగాడు. వాళ్ళిద్దరికీ అంతగా మనసులు కలిసింది జీవితంలో అదొక్కసారే.

ఆ రోజు వాహిద్ తాత అన్నం ముట్టలేదు. ఖాతూన్‌బీ కొంచెంసేపు చూసి, కంచం పక్కకు జరిపి, ఏం జరిగిందో చెప్పమంది. చెప్పాడు. బర్రెల దగ్గరినుంచి మేకు దాకా అంతా చెప్పాడు. ఆమె నోరు తెరుచుకుని విన్నది.

"ఏం జీ," అన్నది చివరికి, "ఇన్నేండ్ల కాపురంలో నాతో 'కూరలో ఉప్పుండాదా' అంటే 'ఊ' అనేవాడివి. రెడ్ల మధ్యన ఇన్ని మాటలు యాడినుంచి పుట్టినాయి నీకు?"

"ఎద్దుల కోసరం."

"ఎద్దుల కోసరం ఆ పిల్లోని తల పగలగొట్టిచ్చినావు. పో, ఇద్దరికీ నిజం చెప్పు."

"ఇప్పుడు చెప్తే నమ్మరు. పిల్లోళ్ళు కట్టెలు ఎత్తుకున్నాక నిజం ఎవరికి కావాలా?"

"ఐతే మేకు దించుతావా?"

వాహిద్ తాత ఆమె వైపు చూసిన చూపుకు ఖాతూన్‌బీ ఇంకో ప్రశ్న వేయలేదు. కంచం మళ్ళీ ముందుకు జరిపింది.

ఆయన రెండు చోట్లకూ పోయాడు. నాలుగు ఎద్దులకూ బిడ్డకు గోళ్ళు తీసినట్టు గిట్టలు చెక్కాడు, ఒక్క మేకు కూడా పక్కకు పోకుండా లాడాలు కొట్టాడు. తర్వాత గంగిరెడ్డి దగ్గరికి పోయి, "నువ్వు చెప్పిన పని అయిపోయిందప్పా" అన్నాడు. ఓబుళరెడ్డికీ అదే చెప్పాడు. ఇద్దరూ "సరేలే" అన్నారు. ఇద్దరి గొంతులోనూ సంతోషం లేదు. వాహిద్ తాత ఆశ పెట్టుకున్నది ఆ సంతోషం లేకపోవడం మీదే. నిజంగా ఎద్దుల మనుషులైతే కుంటే ఎద్దును బండకు కట్టడం చూడలేరు. చూడగలిగితే, వాళ్ళ దగ్గర ఎద్దులు ఉన్నా ఒకటే, పోయినా ఒకటే.

పులివెందుల తిరునాళ్ళలో ఎండ మండుతోంది. పందెం నేల చుట్టూ జనం, దుమ్ము, మైకు. ఒకవైపు చాపాడు పిల్లలు, ఒకవైపు కాలనీ పిల్లలు, చేతుల్లో చెర్నాకోలలు కొన్ని, ఊరికే పట్టుకున్న కట్టెలు చాలా. అవతల చింతచెట్టు నీడలో ఒక లారీ ఆగి ఉంది. డ్రైవరు హాయిగా నిద్రపోతున్నాడు. వాహిద్ తాత చెరుకురసం బండి వెనక నిలబడ్డాడు. కనపడకుండా ఉండడానికి మనిషి పొట్టిగా ఉండడం కలిసొచ్చింది.

ముందు గంగిరెడ్డి జతను పిలిచారు. మల్లిగాడు బండ దగ్గరికి వచ్చాడు. ఈగ వాలిందో ఏమో, ముందరికాలు ఎత్తి ఒకసారి దులిపి దించాడు.

అంతే. ఓబుళరెడ్డి తాడు దాటి పందెం నేలలోకి నడిచాడు.

కాలనీ పిల్లలు కట్టెలు సర్దుకున్నారు. చాపాడు పిల్లలు రెండడుగులు ముందుకు వేశారు. మైకులో "ఎవరూ లోపలికి రావద్దు" అన్న గొంతు, వస్తున్నది ఎవరో చూసి ఆగిపోయింది. గంగిరెడ్డి ఎదురొచ్చి ఎద్దు పక్కన నిలబడ్డాడు. ఇద్దరి మధ్యా మల్లిగాడు.

ఓబుళరెడ్డి ఎద్దు మొహం చూసి మాట్లాడాడు. "మల్లిగా, ఈ పొద్దు నిన్ను బండకు కట్టొద్దని మీ ఆసామికి చెప్పు."

గంగిరెడ్డి కూడా ఎద్దునే చూశాడు. "మల్లిగా, ఎందుకో అడుగు."

"నీ కాల్లో మేకుండాదని చెప్పు. లాగితే కాలు పోతుందని చెప్పు."

"మల్లిగా, ఆయప్పకు చెప్పు. ముందర చిన్నోని కాలు చూసుకోమను. మేకు ఆడుండాది."

ఇద్దరూ ఒకేసారి ఎద్దును వదిలి ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. మల్లిగాడు ఇటూ అటూ చూసి, తన వంతు ఎప్పుడో తెలియక నెమరు మొదలుపెట్టాడు.

ఓబుళరెడ్డి వంగి మల్లిగాడి ముందరికాలు ఎత్తాడు. లాడం మీద వేలు పెట్టి ఒక్కొక్క మేకూ తడిమాడు. నాలుగు కాళ్ళూ చూశాడు. గంగిరెడ్డి ఎవరినీ అడగకుండా గట్టు దగ్గరున్న చిన్నోడి దగ్గరికి పోయాడు. శత్రువు తమ ఎద్దు కాలు పట్టుకుని కూర్చుంటే కొట్టాలో, ఆగాలో కాలనీ పిల్లలకు తోచలేదు. ఇట్లాంటి దానికి వాళ్ళు రిహార్సలు వేసుకుని రాలేదు.

"సక్కంగుండాయే" అన్నాడు గంగిరెడ్డి, అక్కడినుంచే.

"ఇవి గూడా" అన్నాడు ఓబుళరెడ్డి. అట్లా ముందు ఎవరు మాట్లాడారో తెలియకుండానే మాటలు వచ్చేశాయి. "వాహిద్ మామతో నువ్వు గూడా చెప్పినావా?"

గంగిరెడ్డి తల దించుకున్నాడు. "చెప్పినా."

"నేనూ చెప్పినా." ఓబుళరెడ్డి చేతికంటిన దుమ్ము దులుపుకున్నాడు. "మునిగినోళ్ళ ఎద్దులు ఈదాలన్యావే. ఆ మాట నాకు ఇంకా నిద్ర పట్టనియ్యదు."

"నేనెక్కడన్యా? నా ఎద్దుల్ని బర్రెలన్యావని కదా నేను..."

"నేను నీ ఎద్దుల్ని చూడనే లేదు అప్పటికి. నీతో ఒకసారి పెండ్లిలో వంకాయ కూర గురించి మాట్లాడినా."

"మరి ఈదే మాట నాకు చెప్పింది... నువ్వే దాన్ని నా పేరుమీద ఊరంతా చెప్పుకుంటాండావని చెప్పిన మనిషి..."

ఇద్దరి తలలూ ఒకేసారి చెరుకురసం బండి వెనక తొంగిచూస్తున్న తెల్లటి గడ్డం వైపు తిరిగాయి.

పారిపోదామని వాహిద్ తాతకు అనిపించకపోలేదు. మోకాళ్ళు ఒప్పుకోలేదు. మెల్లగా బండి వెనకనుంచి బయటికి వచ్చి, తాడు కింద దూరి, ఇద్దరి ముందూ నిలబడ్డాడు.

"ఎందుకు చేసినావు మామా?" అన్నాడు గంగిరెడ్డి. అరవలేదు. అరిచి ఉంటే బాగుండునని వాహిద్ తాతకు అనిపించింది.

"నువ్వు మల్లిగాన్ని సంతకు తోలుతాండా అంటివి. ఈయప్ప ఊరే పాయ, ఎద్దులెందుకంటాండె. మీకు పంతం ఉన్నన్ని నాళ్ళూ ఎద్దులుంటాయని చేసినాను అప్పా. లారీ ఎక్కుతాయని భయపడి చేసినా." చింతచెట్టు వైపు చూపించాడు. "అదో, ఈడికే వచ్చె."

కాలనీ పిల్లల్లోంచి ఓబుళరెడ్డి అన్న కొడుకు ముందుకు వచ్చాడు. తలమీద జుట్టు తీసేసిన చోట కుట్లు ఇంకా ఎర్రగా ఉన్నాయి. "తాతా, ఐతే ఇవి నువ్వు ఏసినవేనా?" అన్నాడు తల చూపించి.

"నావే నాయనా," అన్నాడు వాహిద్ తాత. "ఎద్దుల గురించే అనుకున్యా. మీ ఊరి గురించి అయితాదని అనుకోలేదు." సుధీర్ అవతలనుంచి వచ్చి ఆ పిల్లవాడి పక్కన నిలబడ్డాడు గానీ తల ఎత్తలేదు. ఎవరూ ఎవరినీ క్షమించినట్టు చెప్పలేదు. కట్టెలు మాత్రం ఒక్కొక్కటే నేలమీదికి దిగాయి.

లారీ ఖాళీగా పోయింది. వాహిద్ తాతకు పెద్దమనుషులు పెట్టిన శిక్ష చిన్నదే. రెండిళ్ళలోనూ లాడాలు కొట్టవచ్చు, కొట్టేటప్పుడు నోరు తెరవకూడదు. ఇంట్లో ఖాతూన్‌బీ ఇంకో షరతు పెట్టింది. ఒకరి మాట ఇంకొకరికి చేరవేస్తే, అది నిజమైనా సరే, ఆ పూట అన్నం లేదు.

రెడ్లిద్దరికీ ఇంత స్నేహం ఎక్కడ దాగి ఉందో గానీ, కలిశాక విడిపోలేదు. పొద్దున లేస్తే ఫోను. చాపాడునుంచి కొండాపురానికి బియ్యం, కొండాపురంనుంచి చాపాడుకు శనక్కాయలు. వంకాయ కూర వండించుకుని ఇద్దరూ ఒకే పంక్తిలో కూర్చుని తిన్నారు. వాహిద్ తాత వాళ్ళను చూసి సంతోషించాడు, అదే సమయంలో భయపడ్డాడు. ఆయన భయపడినట్టే, వానలు తగ్గుముఖం పట్టేసరికి ఇద్దరికీ ఎద్దులు బరువనిపించాయి. నీతో నాకేం పోటీ అని ఈయన, నాకు మాత్రం ఏముందని ఆయన. ఇద్దరూ కలిసి ఒక ట్రాక్టరు తీసుకుంటే రెండూళ్ళకూ తిప్పుకోవచ్చని సుధీర్ సలహా ఇచ్చాడు.

వాహిద్ తాత చాపాడుకు పోయినప్పుడు మల్లిగాన్ని పడేసి ఉంచారు. గంగిరెడ్డి కొమ్ములు పట్టుకుని కూర్చున్నాడు. ఆయన మళ్ళీ ఎటో చూస్తున్నాడు. వాహిద్ తాత గిట్ట చెక్కాడు. నోరు తెరవలేదు. ఒక్క కాలు అయింది. రెండోది అయింది. ఇంత నిశ్శబ్దంగా ఆ ఇంట్లో లాడాలు కొట్టడం అదే మొదటిసారి. ఈ కాళ్ళను తాను మళ్ళీ చూడడని ఆయనకు తెలిసిపోయింది. అయినా మాట రాలేదు. ఆ పిల్లవాడి కుట్లు గుర్తొచ్చినప్పుడల్లా నాలుక లోపలికే పోయింది.

గంగిరెడ్డే ఉండబట్టలేకపోయాడు.

"మామా."

"ఊ."

"ఎవరన్నా ఏమన్నా అంటాండారా?"

"ఎవరప్పా?"

"ఎవరో ఒకరు. మన ఎద్దుల గురించి." గంగిరెడ్డి గొంతు తగ్గించాడు. "చక్రాయపేటలో నారాయణ అని ఎవరో కుర్రజత తెచ్చినాడంట కదా. పోయినావా ఆడికి?"

"పోయినా. లాడాలు కొట్టినా."

"ఏమీ అన్లేదా?"

"నోరు తెరవొద్దని కదప్పా షరతు."

"నేను అడుగుతాండా కదా. చెప్పు."

వాహిద్ తాత ఈసారి అబద్ధం ఆడదలుచుకోలేదు. ఆడనూ లేదు. "మీ జత మాదిరి జత ఈ తట్టు లేదన్యాడప్పా. చిన్నప్పుడు మల్లిగాన్ని పులివెందులలో చూసే తనకు ఎద్దుల పిచ్చి పట్టిందన్యాడు. మీ ఇద్దరికీ దణ్ణం పెట్టినానని చెప్పమన్యాడు."

గంగిరెడ్డి మల్లిగాడి మెడమీద ఈగను తోలాడు.

"దణ్ణం పెట్టినాడా?"

"అల్లా సాక్షిగా."

"అంటే మనం అయిపోయినోళ్ళమనే కదా మామా. పోటీకి వచ్చేవానికి ఎవడన్నా దణ్ణం పెడతాడా? చచ్చినోనికి పెడతాడు, ముసలోనికి పెడతాడు."

"కాదప్పా, మనస్ఫూర్తిగానే..."

"నీకు తెల్దు ఊరుకో. చిన్నప్పుడు చూసినాడంట. నిన్నమొన్న పుట్టినోడు." ఒక చేత్తో కొమ్ము పట్టుకునే ఇంకో చేత్తో జేబులోంచి ఫోను తీశాడు. మల్లిగాడు అవకాశం చూసుకుని తల ఎత్తబోతే మోచేత్తో అదిమాడు. "ఓబుళరెడ్డీ, విన్యావా? చక్రాయపేటోడు మనకు దణ్ణం పెడతాండాడు. ఆ, దణ్ణమే. ఎంత పొగరో చూడు. సుధీర్‌కు చెప్తా, ట్రాక్టరు వద్దని. నీ చిన్నోనికి ఉలవలు పెంచు."

ఫోను జేబులో పెట్టుకుని మళ్ళీ రెండు చేతులా కొమ్ములు పట్టుకున్నాడు. ఇప్పుడు ఎటో చూడడం లేదు, మల్లిగాడి కళ్ళలోకే చూస్తున్నాడు.

"మామా, చక్రాయపేటకు మళ్ళీ ఎప్పుడు పోతావు?"

"వచ్చే వారం."

"నాకూ ఆ నారాయణకూ ఇంక మాటలు లేవని చెప్పు."

వాహిద్ తాత సుత్తి దించి గంగిరెడ్డి మొహం చూశాడు. "మీరిద్దరూ ఇంతవరకు ఒక్క మాట గూడా మాట్లాడుకోలేదు కదప్పా."

"అందుకే చెప్తాండా," అన్నాడు గంగిరెడ్డి. "తెలియక ఫోను చేసినాడంటే శానా కష్టం."